పావురాలగుట్ట: మన ప్రార్థనల మీద కొన్ని మాటలు

2009 సెప్టెంబరు 2 రాత్రి మేం ప్రార్థన చేశాం. మేమే కాదు, రాష్ట్రమంతా చేసింది. గుళ్లలో కొబ్బరికాయలు కొట్టారు, మసీదుల్లో దువా చేశారు, చర్చిల్లో తెల్లవార్లూ మోకాళ్ల మీద ఉన్నారు. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ఎక్కిన హెలికాప్టర్ నల్లమల మీద కనబడకుండా పోయింది. చిత్తూరు జిల్లాలో రచ్చబండకని పొద్దున ఎనిమిదిన్నర దాటాక బేగంపేటలో లేచింది. తొమ్మిదిన్నర ప్రాంతంలో దాని మాట ఆగిపోయింది. మా బండి ఆత్మకూరులో ఆ రోజంతా ఒకటే ముసురు. కొండ వైపు చూస్తే కొండ లేదు, మబ్బే ఉంది.

టీవీలో 'ఆత్మకూరు అడవులు' అని చెప్పేసరికి దూరాన ఉన్న బంధువులు మాకు ఫోన్లు చేశారు. అది వేరే ఆత్మకూరు, మాది బండి ఆత్మకూరు, నడుమ వెలుగోడు ఉంది అని ఎంతమందికి చెప్పుకున్నామో. ఊర్లు వేరైనా అడవి ఒకటే. ఆ అడవిలో మా చెంచులు నడవని దారి లేదు. సుఖోయ్ విమానాలు తిరిగాయి, ఇస్రో ఉపగ్రహం ఫొటోలు తీసింది. కింద మాత్రం పోలీసులు దారి తెలిసిన చెంచులను, చుట్టుపక్కల ఊర్ల జనాన్ని వెంటబెట్టుకుని వానలో నడిచారు. మరునాడు పొద్దున పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. ఎవరూ మిగల్లేదు. సెప్టెంబరు 4న ఇడుపులపాయలో క్రైస్తవ పద్ధతిలో, ప్రభుత్వ లాంఛనాలతో సమాధి చేశారు.

ఆయన పాలన మంచిచెడ్డలు ఈ వ్యాసంలో మేం మాట్లాడబోవడం లేదు. ఆ విషాదానికి మన సంఘాలు ఏ మాటలతో జవాబు చెప్పాయి, ఆ మాటలు ఎవరి చావుకు సరిపోయాయి, ఎవరి చావుకు సరిపోలేదు అన్నదే మా బాధ. కథను విమర్శిస్తాం, కవితను విమర్శిస్తాం, సినిమా పాటను కూడా వదలం. ప్రార్థనను ముట్టుకోవడానికి మాత్రం జంకుతాం. ప్రార్థన కూడా మాటలతో కట్టిందే. ఎవరో ఒకరు మొదట కట్టిన మాటలనే మిగిలినవాళ్లం నోటికి పట్టించుకుని అంటుంటాం. అందులో ఏమున్నదో చూసుకోవడం అవిశ్వాసం కాదని మేం నమ్ముతున్నాం.

ఆ రాత్రి చేసిన ప్రార్థన మంచి ప్రార్థన అని ముందు చెప్పాలి. అందులో వివరణ లేదు, అడగడమే ఉంది. వాన ఆగాలి, మనిషి బతికి ఉండాలి, వెతికేవాళ్లకు దారి దొరకాలి. మా పెద్దవాళ్లు గడ్డలు తవ్వడానికి పోయేముందు, వేటకు పోయేముందు గారెల మైసమ్మను అడిగేదీ ఇంతే: అమ్మా, దొరకనీ, ఏ కీడూ రానీయకు. పొడుగు మాటలు లేవు. 1940 ప్రాంతంలో మా వాళ్ల మధ్య ఉండి పుస్తకం రాసిన హైమండార్ఫ్ దొర కూడా మైసమ్మకు చేసే ఆ చిన్న చిన్న మొక్కుబళ్లను రాసుకున్నాడు. అడవి మీద ముసురు పట్టిన ఆ రాత్రి చర్చిలో పలికిన మాటకూ, మా తాతలు చెట్టు కింద పలికిన మాటకూ తేడా మాకు కనబడలేదు.

తేడా మరునాటి నుంచి మొదలయింది. అడిగింది జరగలేదు. అప్పుడు ప్రసంగాలు వచ్చాయి.

ఆ నెలలో మేం కూర్చున్న స్మారక ప్రార్థన కూటాలు ఐదో ఆరో ఉంటాయి. చెప్పినవాళ్లు మంచివాళ్లే, వాళ్ల కళ్లలో నీళ్లు నిజమైనవే. కానీ మాటలు తిప్పితిప్పి మూడే. మంచివాళ్లను దేవుడు త్వరగా పిలుచుకుంటాడు అన్నది ఒకటి. అంతా దేవుని చిత్తం, ప్రశ్నించకూడదు అన్నది రెండు. మూడోది కొంచెం గొంతు తగ్గించి చెప్పేది: ఈ రాష్ట్రం చేసిన పాపానికి ఇది హెచ్చరిక. సరిగ్గా నెల తిరిగేసరికి, అక్టోబరు 2న కర్నూలు నగరం నీట మునిగింది. శ్రీశైలం ఆనకట్టను 19 లక్షల క్యూసెక్కులకు కట్టారు, ఆ రోజుల్లో దాదాపు 25 లక్షల క్యూసెక్కులు దాని మీదికి వచ్చాయి. దాంతో మూడో మాటకు బలం వచ్చింది. మొదట నాయకుణ్ణి తీసుకున్నాడు, ఇప్పుడు ఊరిని ముంచాడు, ఇంకా మారకపోతే చూడండి అని చెప్పడం మా చెవులతో విన్నాం.

ఈ మాటకు జవాబు వెతకడానికి బైబిల్ బయటికి పోవాల్సిన పని లేదు. లూకా సువార్త పదమూడో అధ్యాయంలో ఒక బహిరంగ విషాదం ఉంది. యెరూషలేములో సిలోయము దగ్గర ఒక గోపురం కూలి 18 మంది చచ్చిపోయారు. మిగిలినవాళ్ల కంటే ఆ 18 మంది ఎక్కువ పాపులా అన్న ప్రశ్నను యేసు తానే లేవనెత్తి, కాదని తానే తేల్చేశాడు. మారుమనసు పొందమని ఆ వెంటనే చెప్పాడు, నిజమే. కానీ అది బతికి వింటున్నవాళ్లకు చెప్పిన మాట, కింద పడి నలిగినవాళ్ల లెక్క తేల్చడానికి చెప్పిన మాట కాదు. మన ప్రసంగీకులు రెండో సగం పట్టుకుని మొదటి సగం వదిలేశారు. కర్నూలు పాతబస్తీలో మిద్దెల మీద రాత్రంతా కూర్చున్నవాళ్లకు వరద కంటే ముందు వాళ్ల పాపం ఏమిటో చెప్పబోయారు.

ఇంక హెలికాప్టర్ సంగతి. దానిమీద త్యాగి కమిటీ వేశారు, కమిటీ నివేదిక ఇచ్చింది. గేర్‌బాక్సు ఆయిలు పీడనం గురించి హెచ్చరిక కనబడితే దానికి ఏం చేయాలో పుస్తకంలో వెతుక్కుంటూ పైలట్లు విలువైన నిమిషాలు పోగొట్టుకున్నారనీ, ఈలోగా హెలికాప్టర్ పెద్ద ఉరుముల మబ్బులో పడి అదుపు తప్పి వేగంగా కిందికి జారిందనీ అందులో తేల్చారు. ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, కుట్ర అన్నవాళ్లూ ఉన్నారు. మేం చెప్పేది ఒకటే. ఆ నివేదిక వచ్చాక ఒక్క స్మారక కూటంలోనైనా ఆ కారణం గురించి ప్రార్థించడం మేం వినలేదు. వాన మబ్బులో యంత్రాన్ని పంపేముందు ఎవరు ఏం చూడాలి, ఆ బాధ్యత మోసేవాళ్లకు బుద్ధి ఇవ్వు ప్రభువా అని అడగవచ్చు గదా? 'చిత్తం' అన్న మాట ఎంత పెద్దదయిందంటే దాని కింద కారణాలన్నీ కనబడకుండా పోయాయి. గూడెంలో బాలింత చచ్చిపోతే కూడా అదే మాట. రోడ్డు లేదు, బండి రాలేదు, రక్తం దొరకలేదు. చివరికి దేవుని చిత్తం.

మరొకటి. హెలికాప్టర్‌లో ఐదుగురున్నారు. ముఖ్యమంత్రితో పాటు ఆయన కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యం, ముఖ్య భద్రతాధికారి ఎ.ఎస్.సి. వెస్లీ, పైలట్ ఎస్.కె. భాటియా, కో-పైలట్ ఎం.ఎస్. రెడ్డి. మేం కూర్చున్న కూటాల్లో ఈ నలుగురి పేర్లు ఒక్కసారి కూడా పలకలేదు. ఎవరి మీదో నేరం మోపడానికి చెప్పడం లేదు, మేం కూడా పలకలేదు. ఆ పేర్లు మేం తర్వాత వెతికి తెలుసుకున్నవే. వెస్లీ అన్న పేరు చదివినప్పుడు మాకు సిగ్గేసింది. ఆరాధనలో సగం పాటల వెనక ఆ ఇంటిపేరే ఉంది, ఆ మనిషి కోసం మాత్రం ఒక్క పాట ఎత్తలేదు.

ఇప్పుడు చెప్పబోయేది మా ఇంటి సంగతి. చెప్పకుండా దాటేయవచ్చు, కానీ ఈ విమర్శ పుట్టిందే అక్కడ.

అదే సెప్టెంబరులో, ఇడుపులపాయలో సమాధి జరిగిన నాలుగైదు రోజులకు, అడవి అంచున మా బంధువుల గూడెంలో ఒక పిల్లవాడు జ్వరంతో పోయాడు. ఏడేళ్లు. మేం పోయేసరికి వాడి అవ్వ గుడిసె ముందు కూర్చుని శోకాలు పెడుతోంది. మా ఆడవాళ్ల శోకం వట్టి ఏడుపు కాదు. అందులో పిల్లవాడు పుట్టిన రోజు ఉంటుంది, వాడు మొదటిసారి తేనె నాకిన చెట్టు ఉంటుంది, వాడికి అంగీ కొనిస్తానని కొనివ్వని మేనమామ ఉంటాడు, దేవుడు ఉంటాడు, దేవుడికి తిట్లు ఉంటాయి. మేం చదువుకున్నవాళ్లం, చర్చికి పోయేవాళ్లం. అయ్యగారు వచ్చే వేళయింది. ఆమె దగ్గర కూర్చుని చెప్పాం: "అవ్వా, మనం విశ్వాసులం. నిరీక్షణ లేనోళ్ల మాదిరి ఏడవకూడదు. ఊరుకో."

ఆమె ఊరుకుంది. కాసేపటికి మా వైపు చూసి అడిగింది: "మొన్న టీవీలో అంతమంది ఏడ్సిరి గదరా. వాళ్లకు లేదా విశ్వాసం?"

మేం జవాబు చెప్పలేదు. ఆ రోజు అయ్యగారు చేసిన ప్రార్థన బాగానే ఉంది. అవ్వ మాత్రం మళ్లీ నోరు తెరవలేదు. ఆమె నోరు మూయించింది అయ్యగారు కాదు, ప్రభుత్వం కాదు, మేము. ఇన్నేళ్లయినా ఆ సంగతి తలచుకోని సెప్టెంబరు లేదు.

ఆ తర్వాతే మేం విలాపవాక్యముల గ్రంథం చదివాం. చదివాం అంటే, బళ్లో పాఠం చెప్పేముందు చదివినట్టు చదివాం. ఐదు అధ్యాయాల చిన్న పుస్తకం. పట్టణం కూలిపోయింది, పిల్లలు ఆకలికి చచ్చిపోయారు, దాని మీద ఏడుపు. మొదటి నాలుగు అధ్యాయాలు హెబ్రీ అక్షరమాల వరసలో కట్టారట. ఆ భాషకు 22 అక్షరాలు, ఒక్కో అక్షరంతో ఒక్కో చరణం. మూడో అధ్యాయంలో అక్షరానికి మూడు చొప్పున 66. ఒకటో తరగతి పిల్లలకు అ, ఆ దిద్దించే మాకు ఇది చూసి ఒళ్లు జలదరించింది. అక్షరాలన్నీ అయిపోయేదాకా ఏడవాలి, ఒక్క అక్షరం కూడా మిగలకూడదు అనుకుని ఎవరో కూర్చుని కట్టారు. ఐదో అధ్యాయంలో కూడా 22 చరణాలే ఉన్నాయి, కానీ వరస లేదు. ఏడ్చి ఏడ్చి వరస తప్పినట్టుంది. పండితులు ఇంకేదైనా కారణం చెబుతారేమో, మాకు అట్లా అనిపించింది.

ఆ పుస్తకంలో దేవుణ్ణి శత్రువులాగా ఉన్నావని అంటారు. విల్లు ఎక్కుపెట్టినవాడిలాగా, పొంచి ఉన్న ఎలుగుబంటిలాగా ఉన్నావంటారు. మాకు ఎలుగుబంటి అంటే ఏమిటో తెలుసు. మా అవ్వ శోకంలో దేవుడికి పడిన తిట్లు దీనికంటే పెద్దవి కావు. ఆమెది అవిశ్వాసమైతే యిర్మీయాది ఏమిటి? కీర్తనల గ్రంథంలో ఉన్న 150లో మూడో వంతు దాకా ఇటువంటి మొరలే. 88వ కీర్తన అయితే చీకట్లోనే మొదలై చీకట్లోనే ముగుస్తుంది, చివర ఓదార్పు ముక్క కూడా అతికించలేదు. ఇవి మన ఆదివారం పాఠాల్లో ఎందుకు రావు? లాజరు సమాధి దగ్గర, ఇంకాసేపటికి వాణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు. ఆయనకు ఎవరూ 'ఊరుకో' అని చెప్పలేదు.

యోబు స్నేహితుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వాళ్లు వచ్చి ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. ఆ ఏడు రోజులూ వాళ్లంత మంచి స్నేహితులు ఎక్కడా లేరు. ఎనిమిదో రోజు నోరు తెరిచారు, అక్కడ చెడింది. మన స్మారక కూటాల్లో మైకు మొదటి రోజే వస్తుంది.

పాటల దగ్గరికి వస్తే మా విమర్శ ఇంకొంచెం గట్టిగానే ఉంటుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మాకు ప్రాణం. పురుషోత్తమ చౌదరి గారి వంటివాళ్లు కర్ణాటక రాగాల్లో, మన యాసకు దగ్గరగా కట్టి ఇచ్చిన ఆస్తి అది. అయితే చావు దగ్గర పాడే పాటల్లో ఒక భావం మళ్లీ మళ్లీ వస్తుంది. ఈ లోకం మన ఇల్లు కాదు, మనం పరదేశులం, బాటసారులం, అసలు దేశం పైన ఉంది. భూమి, ఇల్లు, పట్టా ఉన్నవాడికి ఈ పాట మంచి మందు. ఉన్నదాని మీద మోజు తగ్గిస్తుంది. కానీ చెంచు నోట ఇదే పాట ఎట్లా ఉంటుందో ఆలోచించండి. 1882 మద్రాసు అటవీ చట్టం నాటి నుంచి ఫారెస్టు వాళ్లు మాకు చెబుతున్న మాట అదే: ఈ అడవి మీది కాదు. తర్వాత పులుల అభయారణ్యం వచ్చింది, మళ్లీ అదే మాట. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా పట్టా కోసం చెప్పులరిగేలా తిరిగి వచ్చిన మనిషి సాయంత్రం ప్రార్థనలో కూర్చుని, నాకు ఈ భూమి మీద చోటు లేదు అని తానే రాగం తీసి పాడుతున్నాడు. గార్డు చెబితే కోపం వచ్చిన మాట పాటలో వస్తే కన్నీళ్లు వస్తున్నాయి. కట్టినవాళ్లు మా గురించి ఆలోచించి కట్టలేదు, వాళ్ల తప్పు లేదు. కానీ మనం పాడేటప్పుడు ఆలోచించాలి గదా.

జాషువా 'గబ్బిలం' గుర్తు చేయాలనిపిస్తోంది. క్రైస్తవ ఇంట పుట్టిన కవి, తర్వాత 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నవాడు. ఆయన 1941లో తన జాతి బాధను ఒక గబ్బిలం చేత శివుడికి కబురు పంపించాడు. ఏ దేవుడు అన్నది ఆయనకు అడ్డు రాలేదు. ఫిర్యాదు గట్టిగా ఉంది, అది ముఖ్యం. మన ఆదివాసీ క్రైస్తవ పాటల్లో ఇంకా ఆ ఫిర్యాదు రాలేదు. దండోరా కవిత్వం వచ్చింది, దళిత క్రైస్తవుల నవలలు వచ్చాయి, మా గూడేల నుంచి ఒక విలాపగీతం ఇంకా పుస్తకంలోకి ఎక్కలేదు. ఎక్కకపోవడానికి మా లాంటి చదువుకున్నవాళ్లు అవ్వల నోళ్లు మూయించడం కూడా ఒక కారణం.

ఈ చిరుపొత్తం చదివే మన మిత్రుల్లో కొందరు ఇక్కడ ఒక మాట అడుగుతారని తెలుసు. అసలు ఆదివాసీకి చర్చి ఎందుకు, మన దేవతలు మనకు లేరా అని. ఉన్నారు. అహోబిలం నరసింహస్వామి మా ఆడబిడ్డ చెంచులక్ష్మిని చేసుకున్న మా అల్లుడు. తన పెళ్లికి పిలవడానికి పారువేటలో పల్లె పల్లె తిరుగుతాడు, మా వాళ్లు ఆయన ముందు బాణాలు వేస్తారు. శ్రీశైలం మల్లన్న మాకు చెంచు మల్లయ్య. చర్చికి పోయేవాళ్లం కూడా అల్లుణ్ణి అల్లుడు కాదనలేదు. షెడ్యూల్డు తెగలకు మతం అడ్డు పెట్టని రాజ్యాంగం కూడా ఆదివాసీ అంటే పుట్టుక, బతుకు అనే చూస్తోంది. దళిత క్రైస్తవులకు 1950 ఉత్తర్వు ఆ అవకాశం లేకుండా చేసింది, అది వేరే అన్యాయం. మతం మారిన గిరిజనులను జాబితా నుంచి తీసేయాలనే వాదన ఇప్పుడు వినబడుతోంది కాబట్టి ఈ ముక్క చెప్పాల్సి వచ్చింది.

పైగా మా ప్రాంతంలో చర్చి పాతుకుపోయిందే ఒక పెద్ద విషాదం చుట్టూ. 1876-78 ధాత కరువులో కర్నూలు జిల్లా దెబ్బతిన్నంతగా బహుకొద్ది జిల్లాలే తిన్నాయి. 1871 లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య జిల్లా జనంలో దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. ముత్యాలపాడు, నంద్యాల, కలసపాడు వైపు ఆంగ్లికన్ మిషన్, అటు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టులు ఆ కాలంలోనే బలపడ్డారు. ఒంగోలు క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత గుత్తకు తీసుకుని కరువు జనానికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, సహాయం చేస్తున్న నెలలన్నీ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ పని అయిపోయాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మ నీళ్లలో బాప్తిస్మం జరిగింది. ఆ గుండ్లకమ్మ పుట్టింది మా నల్లమలలోనే, గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర. దీన్ని ఎవరు ఎట్లా చూసినా ఒకటి కాదనలేరు. ఆనాడు ప్రార్థన కంటే ముందు పార వచ్చింది, కూలి వచ్చింది, గంజి వచ్చింది. దానికి పదేళ్ల ముందు 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు ఏ మతం అని అడక్కుండా వేలమందికి నెలల తరబడి అన్నం పెట్టాడు. ఈ సీమ జనం ఆయన మీద పాట కట్టుకుని ఇప్పటికీ పాడుతున్నారు. కడుపుకు పెట్టినవాణ్ణి జనం పాటలో దాచుకుంటారు.

2009లో చావు కబురు విని గుండె ఆగినవాళ్లు, ప్రాణాలు తీసుకున్నవాళ్లు వంద దాటారని అప్పటి పత్రికలు రాశాయి. నల్లకాలువ సభలో ఆ కుటుంబాల ఇళ్లకు వస్తానని జగన్ గారు మాట ఇవ్వడం, 2010లో ఓదార్పు యాత్ర మొదలవడం, అది పార్టీగా మారడం అందరికీ తెలిసిన చరిత్ర. మాకు ఆసక్తి కలిగించేది ఆ పేరు. 'ఓదార్పు' మన బైబిల్ తెలుగులో బాగా నలిగిన మాట. ఓదార్చే మనిషి లేడన్నది విలాపవాక్యముల మొదటి అధ్యాయంలో పదే పదే వచ్చే ఫిర్యాదు. చర్చి గోడల మధ్య ఉన్న మాట ఒక్కసారిగా ఫ్లెక్సీల మీదికి ఎక్కింది. అందులో తప్పు పట్టేదేమీ లేదు. చచ్చిపోయినవాళ్ల ఇళ్లకు పోవడం మంచి ఆచారమే, మా చెంచుల్లో చిన్నదినం, పెద్దదినం ఉన్నది అందుకే. మా అవ్వ ఇంటికి మాత్రం ఏ యాత్రా రాలేదు. ఆమె మనవడు వార్త విని చచ్చిపోలేదు గదా, జ్వరంతో చచ్చిపోయాడు.

రెండో సమూయేలు 21వ అధ్యాయంలో రిస్పా అనే ఆమె కథ ఉంది. మాకు తెలిసి ఏ స్మారక కూటంలోనూ ఆ వాక్యం తీయలేదు. మూడేళ్లు కరువు. సౌలు గిబియోనీయులను చంపించిన పాపం వల్లే కరువని దావీదుకు తెలుస్తుంది. గిబియోనీయులు అడిగితే సౌలు వంశంలో ఏడుగురిని ఉరి తీయడానికి అప్పగిస్తాడు. అందులో ఇద్దరు రిస్పా కొడుకులు. శవాలు కొండ మీద అట్లాగే ఉన్నాయి. ఆమె ఒక గోనెపట్ట తీసుకుపోయి బండ మీద పరచుకుని, కోతల కాలం నుంచి వాన పడేదాకా కూర్చుంది. పగలు పక్షులను, రాత్రి మృగాలను తోలింది. ప్రార్థన చేసిందని అక్కడ రాయలేదు. ఒక్క మాట మాట్లాడిందని కూడా రాయలేదు. చివరికి ఆ కబురు రాజుకు చేరింది. ఆయన ఆ ఎముకలతో పాటు ఎప్పుడో చచ్చిన సౌలు, యోనాతాను ఎముకలు కూడా తెప్పించి సమాధి చేయించాడు. ఆ తర్వాతే దేశం కోసం చేసిన ప్రార్థన దేవుడు విన్నాడని ఉంది.

ఈ కథలో మాకొక చిక్కు కూడా ఉంది. గిబియోనీయులు ఆ నేల పాతకాపులు. ఇశ్రాయేలీయులు వచ్చి వాళ్లను కట్టెలు కొట్టడానికి, నీళ్లు మోయడానికి పెట్టుకున్నారని యెహోషువ గ్రంథంలో ఉంది. అంటే ఒక రకంగా మన వాళ్లే. వాళ్లకు జరిగింది అన్యాయం, కానీ వాళ్లు అడిగిన పరిహారం ఇంకో తల్లి కొడుకులు. చదివిన ప్రతిసారీ మేం ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక, చివరికి బండ మీద రిస్పా పక్కనే కూర్చుంటాం.

రిస్పాలు మన దగ్గర లేకపోలేదు. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పుల్లో గోండులు చచ్చిపోయారు. సర్కారు లెక్క 13, జనం లెక్క చాలా ఎక్కువ. అక్కడ స్తూపం కట్టుకుంటే, ఏటా ఆ తేదీకి దాని దగ్గరికి పోయి తలుచుకోవడానికి కూడా ఏళ్ల తరబడి ఆంక్షలు పెట్టారు. ఆంక్షలు పెట్టినా పోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగితే, మొదట పడవలు వేసుకుని పోయింది తూటుగుంట గిరిజనులు. 77 మందిలో 26 మంది బతికి బయటపడ్డారంటే వాళ్ల చేతుల వల్లే. ఆ వారం ఎన్నో చర్చిల్లో కచ్చులూరు కోసం ప్రార్థించారు, మేం కూడా ప్రార్థించాం. ఆ పడవల కోసం ఎవరైనా స్తోత్రం చెల్లించారా అని తర్వాత మమ్మల్ని మేం అడుగుకున్నాం.

నల్లకాలువ దగ్గర ఇప్పుడు స్మృతివనం ఉంది. పెద్ద విగ్రహం, పూలమొక్కలు, పైకెక్కి చూస్తే నల్లమల. పిల్లలను తీసుకుపోయాం ఒకసారి. మంచి చోటు. ఆ వానలో పోలీసుల ముందు నడిచినవాళ్ల గురించి అక్కడ ఏమైనా ఉందా అని మా పిల్లల్లో ఒకడు అడిగాడు. వాడి నాయన ఆ రోజు నడిచినవాళ్లలో ఒకడు. మాకు కనబడలేదు అని చెప్పాం.

పోయిన సెప్టెంబరులో మా సంఘంలో ఒక చిన్న ప్రయత్నం చేశాం. రెండో తేదీ ప్రార్థనకు ఒక కాగితం రాసుకుపోయాం. ఐదుగురి పేర్లు రాశాం. కింద ఆ ఏడాది గూడేల్లో పోయినవాళ్ల పేర్లు, మాకు తెలిసినంత వరకు రాశాం. ఎవరు దేనితో పోయారో కూడా రాశాం: పాము, జ్వరం, కాన్పు, చెట్టు మీద నుంచి పడడం, సారా. కాగితం సంఘపెద్ద చేతికిచ్చాం. ఆయన మంచి మనిషి, మాకు పెద్దనాయన వరస. కళ్లజోడు సర్దుకుని కాగితమంతా చదువుకున్నాడు. పేర్లు చదవడానికి అభ్యంతరం లేదన్నాడు. "ఈ పక్కన రాసినవి ఎందుకురా? సారా అని చర్చిలో చదవమంటావా?" అన్నాడు. చదవాలి పెద్దనాయనా అన్నాం. ఆయన కాగితం మడిచి బైబిల్‌లో పెట్టుకున్నాడు. పేర్లు మటుకు చదివాడు, పక్కనున్నవి చదవలేదు.

మా అవ్వ ఇంకా ఉంది. ఆ రోజు చివరి బల్ల మీద కూర్చుని ఉంది. మనవడి పేరు వచ్చినప్పుడు తల ఎత్తింది, నోరు విప్పలేదు. కూటం అయ్యాక బయట చింతచెట్టు కింద ఆమె దగ్గరికి పోయి, "ఆ పొద్దు నువ్వు పెట్టిన శోకం ఇంకా గుర్తుందా అవ్వా, చెప్పు, రాసుకుంటాం" అన్నాం. "రాసుకునేదానికా అది?" అంది. కాసేపాగి, తేనెచెట్టు దగ్గర మొదలుపెట్టింది. మా దగ్గర పెన్ను ఉంది, కాగితం లేదు. కాగితం పెద్దనాయన బైబిల్‌లో ఉంది.